150 అక్షరాల చిరునామా

సోషల్ మీడియా ఖాతాలో ఫొటో పక్కన, పేరు కింద కనిపించే రెండు మూడు లైన్లే బయో. ఈ ఖాతా ఎవరిది, ఇందులో ఏం దొరుకుతుంది, అవసరమైతే ఎలా పలకరించాలి అన్న మూడు సంగతులు చెప్పడం దాని పని. దాన్ని చదివేది స్నేహితులూ బంధువులూ కాదు. వాళ్లకు ఆ మనిషి ముందే తెలుసు. ఒక పోస్టు నచ్చి, ఒక కామెంటు చూసి, లేదా సెర్చ్‌లో పేరు తగిలి మొదటిసారి ఆ పేజీకి వచ్చిన కొత్తవాళ్లే బయో చదువుతారు. ఫాలో కావాలా, వచ్చిన దారినే పోవాలా అన్నది అక్కడే తేల్చుకుంటారు. ఈ సంగతి మరిచిపోవడం వల్లే చాలా బయోలు చెడతాయి. రాసేవాళ్లు తమకు నచ్చిన తమ బొమ్మ గీసుకుంటారు. చదివేవాళ్లకు కావలసిన సమాచారం మాత్రం అందులో ఉండదు.

స్థలం బహు తక్కువ. ఇన్‌స్టాగ్రామ్ బయోకు 150 అక్షరాలు, ఎక్స్‌లో 160, వాట్సాప్ ‘అబౌట్’కు 139, ఫేస్‌బుక్ పరిచయానికి 101, టెలిగ్రామ్‌లో 70. లింక్డిన్ ఒక్కటే కాస్త చెయ్యి విదిల్చింది: పేరు కింది హెడ్‌లైన్‌కు 220, లోపలి ‘అబౌట్’కు 2,600. వీటిలో ఎక్స్ లెక్క మూలం పాత సెల్‌ఫోన్లలో ఉంది. 1980ల మధ్యలో జర్మన్ ఇంజినీర్ ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్, పోస్టుకార్డుల మీదా టెలెక్స్ సందేశాల్లోనూ జనం ఎంత రాస్తున్నారో చూసి, ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు చాలన్నారు. 2006లో ఎస్సెమ్మెస్ మీద నడిచేలా పుట్టిన ట్విట్టర్ (ఇప్పటి ఎక్స్), అందులో 20 యూజర్ నేమ్‌కు వదిలి ట్వీటుకు 140 పెట్టుకుంది. 2017లో ట్వీటు 280కి పెరిగింది. బయో మాత్రం 160 దగ్గరే ఉండిపోయింది.

గద్యం నుంచి బయో దాకా

నాలుగు మాటల్లో తనను తాను చెప్పుకోవడం తెలుగువారికి కొత్త విద్యేమీ కాదు. ప్రాచీన కావ్యాల్లో ప్రతి ఆశ్వాసం చివరా ఒక చిన్న గద్యం ఉంటుంది. కవి తన బిరుదు, తండ్రి పేరు, తన పేరు, కావ్యం పేరు అందులో వరసగా చెబుతాడు. తిక్కన గద్యంలో ఉభయకవిమిత్రుడన్న బిరుదు ఉంది, తండ్రి కొమ్మనామాత్యుడి పేరు ఉంది, సోమయాజి అన్న హోదా ఉంది. పోతన తండ్రి కేసన మంత్రి పేరుతో పాటు తనది సహజ పాండిత్యమని చెప్పుకున్నాడు. ఆశ్వాసం మారినా గద్యం దాదాపు మారదు. అది ఆత్మస్తుతి మాత్రమే అనుకుంటే పొరపాటు. తాటాకు కట్ట విడిపోయి ఏదో ఒక ఆశ్వాసమే చేతికొచ్చినా, అది ఎవరు రాసిందో ఆ గద్యమే చెబుతుంది. మిగతావన్నీ వదిలేసి ఒక్క రీల్ మాత్రమే ఊళ్లు తిరిగే ఈ రోజుల్లో బయో చేసే పని కూడా అదే.

పెద్దల ముందు గోత్ర ప్రవర చెప్పడం, ఆదివారం పత్రికల్లో లైనుకింత లెక్కన డబ్బు కట్టి వేయించే పెళ్లి సంబంధాల ప్రకటన, శుభలేఖలో వరుడి పేరు కింద చిన్న అక్షరాల్లో డిగ్రీలూ బ్రాకెట్లో దేశం పేరూ... ఇవన్నీ ఆ కోవలోవే. నేటి తెలుగు బయోల మీద వీటిలో శుభలేఖ ప్రభావమే ఎక్కువ. బీటెక్, ఎంఎస్, ఎంబీయే అని పేర్చుకుంటూ పోయే బయోలు ఆ అలవాటు నుంచి వచ్చినవే. ఆన్‌లైన్‌లో ఎదుటివాళ్లు కుదుర్చుకుంటున్నది సంబంధం కాదు కాబట్టి, ఆ డిగ్రీలతో ఇప్పుడు ఏం చేస్తున్నారన్నదే వాళ్లకు కావాలి.

పేరు దగ్గరే సగం పని

బయో కన్నా ముందు కళ్లబడేది పేరు. ఇందులో రెండు గడులుంటాయి. యూజర్ నేమ్ రోమన్ లిపిలోనే ఉండాలి: ఇన్‌స్టాగ్రామ్‌లో 30 అక్షరాల దాకా, ఎక్స్‌లో 15 దాకా. దానితో పాటు కనిపించే పేరును ఏ లిపిలోనైనా రాసుకోవచ్చు. ఇన్‌స్టాగ్రామ్ సెర్చ్ ఈ రెండు గడుల్నీ చూస్తుంది. అందుకే ఇంట్లో కేకులు చేసి అమ్మే మనిషి తన పేరు పక్కనే ‘కేక్స్, విజయవాడ’ అని చేరిస్తే, ఆ మనిషి పేరే తెలియని కొనుగోలుదారుకు కూడా దొరుకుతుంది. పేరు గడిని 14 రోజుల్లో రెండుసార్లకు మించి మార్చనివ్వరు కాబట్టి ఆలోచించి రాసుకోవడం మేలు.

తెలుగు పేర్లకు రోమన్ లిపిలో ఒక చిక్కుంది. ‘త’ కోసం తెలుగువారు టీ పక్కన హెచ్ వేస్తారు, ఉత్తరాది వారు వేయరు. కవిత అన్న పేరును హైదరాబాద్‌లో ఒకలా, ఢిల్లీలో ఇంకోలా టైపు చేస్తారు. ‘శ్రీ’కి కనీసం మూడు స్పెల్లింగులున్నాయి. ‘లక్ష్మి’ని ఎక్స్‌తో రాసేవాళ్లున్నారు, కే ఎస్ హెచ్‌లతో రాసేవాళ్లున్నారు. మార్కుల మెమోలో, పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగునే అన్ని వేదికల్లోనూ వాడి, పేరు గడిలో తెలుగు లిపిలో కూడా పేరు రాస్తే వెతికేవాళ్లకు తిప్పలు తప్పుతాయి. ఎక్కువమంది ఫేస్‌బుక్‌లో ఒకలా, ఇన్‌స్టాగ్రామ్‌లో న్యూమరాలజిస్టు చెప్పినట్టు ఇంకోలా, లింక్డిన్‌లో ఆఫీసు ఐడీ కార్డులో ఉన్నట్టు మరోలా రాసుకుని ముగ్గురు మనుషులవుతారు.

ఇంటిపేరు మరో గొడవ. తెలుగులో ఇంటిపేరు ముందొస్తుంది, అది కూడా చాలాసార్లు పొడి అక్షరంగా. ‘ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్’ అని అడిగే ఫారాలు ఈ పద్ధతిని ఎరగవు. పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలోనే పడిపోయి, అమెరికా వీసా మీద మొదటి పేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’ అని వచ్చినవాళ్లు ప్రవాసుల్లో ఉన్నారు. మొదటి పేరు తెలియదని ఆ మూడక్షరాల అర్థం. అక్కడి సహోద్యోగులు ఇంటిపేరునే అసలు పేరనుకుని పిలుస్తుంటారు. ప్రొఫైల్ పేరుకు ఈ నిర్బంధం లేదు. నలుగురూ ఏ పేరుతో పిలవాలనుకుంటున్నారో ఆ పేరునే అక్కడ ముందు పెట్టుకోవచ్చు.

అసలు మాట చివరికొస్తే ఏమవుతుంది

బయో రాసేటప్పుడు తెలుగు వాక్యం తీరే ఒక అడ్డంకి. తెలుగులో విశేషణాలన్నీ ముందొచ్చి, అసలు మాట చివర వస్తుంది. ‘పాడేరు మన్యంలోని మారుమూల గ్రామాల్లో పాతికేళ్లుగా ఆడపిల్లల చదువు కోసం పనిచేస్తున్న ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు’ అన్నది వ్యాకరణరీత్యా చక్కని వాక్యం. వ్యాసంలో అయితే వంక పెట్టనక్కర్లేదు. కానీ ఫోన్ తెర మొదటి ఒకటి రెండు లైన్లే చూపించి, మిగతాది ‘మోర్’ వెనక దాచేస్తుంది. లింక్డిన్‌లో కామెంటు పక్కన హెడ్‌లైన్ ముక్కే కనిపిస్తుంది. ఆ కోత ఎక్కడ పడినా పైవాక్యంలో ముందు పోయేది ‘ఉపాధ్యాయురాలు’ అన్న మాటే. మన్యం, గ్రామాలు, పాతికేళ్లు మిగులుతాయి, మనిషి మిగలదు.

విరుగుడు సులభం. అసలు నామవాచకాన్ని మొదటికి తెచ్చి చుక్క పెట్టేయాలి. వివరం ఆ తర్వాత. ‘ప్రభుత్వ బడి టీచర్, పాడేరు. పాతికేళ్లుగా మన్యం ఆడపిల్లల చదువు కోసం.’ రెండో వాక్యంలో క్రియ లేదు, అయినా లోటు తెలియదు. తెలుగులో క్రియ లేని వాక్యం సహజమే. ‘మా ఊరు గుంటూరు’ అన్నప్పుడు ఎవరూ క్రియ కోసం వెతకరు. బయోకు ఈ సౌలభ్యం వరం లాంటిది.

‘నేను’ అన్న మాట కూడా అక్కర్లేదు. ‘వంటలు చేస్తాను, రాస్తాను’ అంటే క్రియ చివరి ‘ను’లోనే ఆ మనిషి ఉంది. దుకాణమో సంస్థో అయితే ‘చేస్తాం, పంపుతాం’ అనాలి. ఒక్కరే నడిపే వ్యాపారానికి కూడా ‘చేస్తాం’ అనడం తెలుగు అంగళ్లలో మామూలే, అందులో అబద్ధమేమీ లేదు. తన గురించి తానే ‘వీరు ప్రముఖ రచయిత’ అని మూడో మనిషిలా రాసుకోవడం మాత్రం సభల్లో వక్తను పరిచయం చేసే కాగితానికి తగుతుంది. సొంత ఖాతాలో అది నవ్వు తెప్పిస్తుంది.

అక్షరం ఖరీదు

తెలుగు లిపిలో రాస్తే స్థలం ఎక్కువ పడుతుందన్న అనుమానంతో చాలామంది ఇంగ్లీషుకు మళ్లుతారు. లెక్క చూస్తే అది సగమే నిజం. కంప్యూటర్ లెక్కలో తెలుగు అక్షరం ఒకటి కాదు. హల్లు ఒకటి, గుణింతం గుర్తు ఒకటి, ఒత్తుకు పొల్లుతో కలిపి రెండు. కంటికి ఒకే అక్షరంగా కనిపించే ‘స్త్రీ’ యూనికోడ్‌లో ఆరు. ‘శాస్త్రవేత్త’ పన్నెండు, ‘సైంటిస్ట్’ తొమ్మిది. అంతవరకు అనుమానం నిజమే. కానీ హల్లులో దాగి ఉన్న ‘అ’కారానికి తెలుగులో గుర్తే లేదు, రోమన్‌లో ప్రతిసారీ ఒక ఏ రాయాలి. ‘కడప’ తెలుగులో మూడు, రోమన్‌లో ఆరు. ‘విజయవాడ’ ఏడు, రోమన్‌లో పది. ‘హైదరాబాద్’ రెంటిలోనూ తొమ్మిదే.

అంటే ఒత్తులు తక్కువ ఉన్న వాడుక మాటలు చవక, సంస్కృత సమాసాలు ఖరీదు. ‘ఉపాధ్యాయురాలు’కు పదమూడు ఖర్చయితే ‘టీచర్’కు ఐదే. ‘వాట్సాప్‌లో’ అన్నచోట ప, ల కలిసిపోకుండా కీబోర్డు వేసే కనిపించని గుర్తు కూడా ఒక అక్షరం మింగుతుంది. లిమిట్ దాటిందని యాప్ చెబుతుంటే, ఎక్కడ దాటిందో అంతుపట్టకపోవడానికి కారణం ఇవే.

ఏ లిపిలో రాయాలన్నది పాఠకులు ఎవరన్న దాన్ని బట్టి ఉంటుంది. తెలుగు కథలు చదివించే ఖాతాకు తెలుగు బయోనే మొదటి నమూనా. అది చూసే లోపలి సరుకు ఏమిటో ఊహిస్తారు. ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు ఇంగ్లీషు తప్పదు, ఎందుకంటే రిక్రూటర్ వెతికే కీలక పదాలు ఆ భాషలోనే ఉంటాయి. రెండు వర్గాలూ ఉన్నప్పుడు ఒక లైను అటు, ఒక లైను ఇటు. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి చాటింగ్‌లో చెల్లుతుంది. బయోలో అది తెలుగు సెర్చ్‌కూ ఇంగ్లీషు సెర్చ్‌కూ అందకుండా పోతుంది.

విశేషణం నుంచి వివరానికి

మంచి బయోకూ ఉత్త బయోకూ తేడా ఎక్కువగా ఒక్కచోటే ఉంటుంది. పరిశీలించదగ్గ వివరం మొదటి దాంట్లో ఉంటుంది, రెండో దాంట్లో ఉండదు. ‘ప్యాషనేట్’, ‘క్రియేటివ్’, ‘డ్రీమర్’, ‘భిన్నంగా ఆలోచించే వ్యక్తి’ లాంటి మాటలు ఎవరి పేరు కిందనైనా ఇమిడిపోతాయి. ఎవరికైనా ఇమిడే మాట ఎవరి గురించీ ఏమీ చెప్పదు. ‘ఫుడ్ లవర్’ అన్నదాని కంటే ‘గోదావరి జిల్లాల పల్లెటూరి వంటలు, వారానికి రెండు వీడియోలు’ అన్నది ఎక్కువ ఆకలి పుట్టిస్తుంది. పైగా ఫాలో అయితే ఏమొస్తుందో, ఎప్పుడొస్తుందో ముందే చెబుతుంది. ‘ట్రావెల్ ఫ్రీక్’ కంటే ‘ఆర్టీసీ బస్సుల్లో రెండు రాష్ట్రాలు’ మేలు. ‘సివిల్ ఇంజినీర్’ కన్నా ‘సివిల్ ఇంజినీర్, వంతెనల డిజైన్’ మేలు.

ఒక చేనేత ఖాతాను తీసుకుంటే మొదటి చిత్తు ఇలా ఉండొచ్చు: ‘నాణ్యతే మా నమ్మకం, మీ చిరునవ్వే మా ఆనందం.’ ఏం అమ్ముతున్నారో ఇందులో లేదు. తిరగరాస్తే: ‘పోచంపల్లి ఇక్కత్ చీరలు, మగ్గం నుంచి నేరుగా. మూడు తరాల చేనేత కుటుంబం. ధరలు, ఆర్డర్లు వాట్సాప్‌లో. దేశమంతా పంపుతాం.’ సరుకు, ఊరు, మూలం, కొనే దారి అన్నీ వచ్చాయి. 150లో ఇంకా ముప్పైకి పైగా మిగిలాయి కూడా. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక సూచిక రక్షణ ఉంది కాబట్టి, మిల్లు ప్రింటు చీరకు ఆ పేరు పెట్టుకుంటే చట్టం ఒప్పుకోదన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతి. ‘మగ్గం నుంచి నేరుగా’ అన్న మాట నిజమైనప్పుడే రాయాలి.

పేరున్న మనుషుల బయోలు చూసి వాత పెట్టుకోవడం పెద్ద ఉచ్చు. బరాక్ ఒబామా ట్విట్టర్ బయో తండ్రి, భర్త, అధ్యక్షుడు, పౌరుడు అనే నాలుగు నామవాచకాలతో సరిపెట్టుకుంది. టామ్ హ్యాంక్స్ తన బయోలో, మీకు నచ్చిన కొన్ని సినిమాల్లో, నచ్చని మరికొన్నిట్లో కనిపించే నటుణ్ని నేనే అన్న అర్థం వచ్చేలా చమత్కరించారు. అవి అందంగా ఉన్నది, ఆ మనిషి ఎవరో లోకానికి ముందే తెలుసు కాబట్టి. కర్నూల్లో కొత్తగా ప్రాక్టీసు పెట్టిన ఫిజియోథెరపిస్టు ‘తండ్రి, భర్త, పౌరుడు’ అని రాసుకుంటే నడుంనొప్పితో వచ్చినవాళ్లకు ఏమీ తెలియదు.

హాస్యం వద్దని కాదు. పని ఏమిటో చెప్పాక, చివర ఒక చిన్న సొంత మాట బయోకు ఊపిరి పోస్తుంది. ‘ఆడిటర్, గుంటూరు. జీఎస్టీ, ఇన్‌కంట్యాక్స్. మార్చిలో ఫోన్ ఎత్తకపోతే క్షమించాలి’ అంటే మనిషి కనిపిస్తాడు. జోకు ముందొచ్చి పని వెనకబడితేనే ఇబ్బంది.

తెలుగు కుర్రకారు బయోలకు ఒక సొంత సంప్రదాయమే ఏర్పడింది. అభిమాన హీరోకు ‘డై హార్డ్ ఫ్యాన్’ అన్న ప్రకటన, ‘విష్ మీ ఆన్’ అంటూ పుట్టిన తేదీ, అమ్మ మీద ఒక వాక్యం, కిరీటం ఎమోజీ, కొన్నిచోట్ల కులం పేరూ దాని పక్కన సింహం బొమ్మా. అభిమాన సంఘాల ఖాతాకు మొదటిది తగినదే. అక్కడ చదివేవాళ్లకు కావలసింది అదే. కులం పేరు మాత్రం అలా కాదు. అది రాసినవాళ్లు తమ వాళ్లను పిలుస్తున్నామనుకుంటారు. మిగతావాళ్లందరికీ తలుపు వేస్తున్నట్టు చదివేవాళ్లకు తెలుస్తుంది. వాళ్లలో రేపు ఉద్యోగం ఇచ్చేవాళ్లు కూడా ఉంటారు.

అలంకారాలు

రకరకాల ఫాంట్లలో పేరు రాసిపెట్టే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి. నిజానికి అవి ఫాంట్లు కావు. గణిత సూత్రాల కోసం యూనికోడ్‌లో విడిగా పెట్టిన గుర్తులు. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్లు ఇలాంటి అక్షరాలను ఒక్కొక్కటిగా గణిత సంకేతాలని చదవవచ్చు, లేదా పూర్తిగా వదిలేయవచ్చు. సెర్చ్ కూడా వాటిని మామూలు పేరుగా గుర్తించకపోవచ్చు. ఎమోజీలను అవే రీడర్లు పేరుపెట్టి చదువుతాయి కాబట్టి, వరసగా ఐదు మంటల బొమ్మలు పెడితే వినేవాళ్లకు మంట మంట అని ఐదుసార్లు వినిపిస్తుంది. ఫోన్ నంబరు ముందు ఒక ఫోను బొమ్మ, ఊరి ముందు ఒక గుర్తు చాలు. నిలువు గీతలతో పదాలు విడదీయడం కన్నా లైను మార్చడమే ఫోన్ మీద చదవడానికి హాయి. హ్యాష్‌ట్యాగులు పోస్టులకు ఉపయోగం, బయోలో అవి తినే చోటుకు తగిన ఫలం దక్కడం అరుదు.

లింకుల విషయానికొస్తే, ఇన్‌స్టాగ్రామ్ 2023 ఏప్రిల్ నుంచి ఐదు లింకుల దాకా అనుమతిస్తోంది. అంతకుముందు ఒక్కటే ఉండేది. ఆ కొరత నుంచే 2016లో మెల్‌బోర్న్‌లో లింక్‌ట్రీ పుట్టింది. ఐదు పెట్టుకోవచ్చని ఐదూ పెడితే చదివేవాళ్లు ఏదీ నొక్కరు. ఇప్పుడు జనం చేయాలనుకుంటున్న పని ఏదో ఆ ఒక్క లింకు, దాని ముందు అదేమిటో చెప్పే నాలుగు మాటలు చాలు.

వేదిక మారితే

ఒకే బయోను అన్నిచోట్లా అతికించడం సుఖమే కానీ ఫలితం తక్కువ. లింక్డిన్ హెడ్‌లైన్‌ను ఖాళీగా వదిలితే ప్రస్తుత ఉద్యోగం, కంపెనీ పేరు దానంతటదే కూర్చుంటాయి. ‘సాఫ్ట్‌వేర్ ఇంజినీర్’ అని రాసుకున్నవాళ్లు హైదరాబాద్‌లో వీధికొకరు కనబడతారు. ఏ భాష, ఏ రంగం, ఏ రకం సమస్య అన్నది చేరిస్తేనే రిక్రూటర్ సెర్చ్‌లో పైకి వస్తారు. లోపలి ‘అబౌట్’ తెరవకముందు మొదటి కొన్ని లైన్లే కనిపిస్తాయి. అక్కడ బాల్యం నుంచి మొదలుపెట్టడం దండగ. ఎక్స్‌లో అభిప్రాయాల బజారు నడుస్తుంది కాబట్టి, ఏ విషయం మీద మాట్లాడతారో చెప్పడం ముఖ్యం. వాట్సాప్ ‘అబౌట్’ను ఎక్కువమంది ముట్టుకోరు. తాను వాట్సాప్ వాడుతున్నానంటూ యాప్ ముందే రాసిపెట్టిన ఇంగ్లీషు వాక్యం ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. వ్యక్తులకు దాని వల్ల నష్టమేమీ లేదు. దుకాణాలు మాత్రం వాట్సాప్ బిజినెస్‌లో చిరునామా, తెరిచే వేళలు, వారపు సెలవు నింపకపోతే, ఆ ప్రశ్నలకే రోజంతా జవాబులు టైపు చేస్తుంటాయి.

నీలం టిక్కు గురించి ఒక మాట. 2009లో ట్విట్టర్ దాన్ని అసలు మనిషే అని చెప్పే గుర్తుగా మొదలుపెట్టింది. 2022 నవంబరు నుంచి అది నెలవారీ చందాకు దొరుకుతోంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల యజమాని మెటా కూడా 2023 జూన్‌లో భారత్‌లో ఫోన్ యాప్‌పై నెలకు 699 రూపాయలకు అదే అమ్మకానికి పెట్టింది, గుర్తింపు కార్డు తనిఖీతో పాటు. టిక్కు ఒక్కటే చూసి నమ్మే రోజులు పోయాయి కాబట్టి, బయోలో పనిచేసే చోటూ, ఆ సంస్థ సొంత వెబ్‌సైట్ లింకూ ఉండటం ఇదివరకటి కంటే ఎక్కువ అక్కరకొస్తుంది.

చట్టం చదివే బయో

బయోలో రాసేది కొన్ని వృత్తులవారికి చట్టపరమైన ప్రకటన కూడా. న్యాయవాదులు ప్రచారం చేసుకోకూడదన్నది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ నిబంధన. 2008 సవరణ తర్వాత వెబ్‌సైట్‌లో పేరు, చిరునామా, ఎన్‌రోల్‌మెంట్ వివరాలు, చదువు, ఏ రకం కేసులు చూస్తారు అన్నవి పెట్టుకోవచ్చు. ‘నంబర్ వన్ లాయర్’, ‘గెలుపు గ్యారంటీ’ అన్నవి ఆ పరిధిలో లేవు. షేర్ల సలహాలు ఇచ్చేవాళ్లకు సెబీ నమోదు తప్పనిసరి. ఆ నంబరు బయోలో ఉంటే చదివేవాళ్లు సెబీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోగలరు. ఆరోగ్యం గురించి చెప్పే ఇన్‌ఫ్లుయెన్సర్లకు కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 ఆగస్టులో అదనపు మార్గదర్శకాలు ఇచ్చింది. వైద్య అర్హత ఉన్నవాళ్లు ఆ సంగతి వెల్లడించాలి. నిపుణులుగా కనిపించే మిగతావాళ్లు, తమ మాట డాక్టరు సలహాకు బదులు కాదని స్పష్టం చేయాలి.

పద్మ పురస్కారాల సంగతి తెలుగు నాట మరీ ముఖ్యం. రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులను రద్దు చేసింది. పద్మ అవార్డులు బిరుదులు కావనీ, అందువల్లే వాటిని పేరుకు ముందూ వెనకా తగిలించుకోరాదనీ 1995లో బాలాజీ రాఘవన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పురస్కారం వచ్చిందని బయోలో ఒక వాక్యంగా చెప్పుకోవడం వేరు, పేరు గడిలో ‘పద్మశ్రీ’ అని మొదలుపెట్టడం వేరు.

‘అభిప్రాయాలు నా వ్యక్తిగతం’, ‘రీట్వీట్ అంటే సమర్థన కాదు’ అన్న వాక్యాలు రక్షణ కవచాలని చాలామంది నమ్మకం. ప్రభుత్వోద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి, ఆ వాక్యం బయోలో ఉన్నా లేకపోయినా, వర్తిస్తూనే ఉంటుంది. మహిళా పాత్రికేయులను కించపరిచే పోస్టును ఫేస్‌బుక్‌లో పంచుకున్న ఒక నటుడి కేసులో మద్రాసు హైకోర్టు 2018లో, ఫార్వర్డ్ చేయడమంటే ఆ సందేశాన్ని ఒప్పుకుని సమర్థించినట్టేనని వ్యాఖ్యానించింది. కేసు కొట్టేయాలన్న ఆయన విజ్ఞప్తిని 2023లో సుప్రీంకోర్టు కూడా అంగీకరించలేదు. ఆ డిస్‌క్లెయిమర్లు తినే అక్షరాలను వేరేదానికి వాడుకోవడమే లాభం.

చెప్పకూడనివి

పుట్టిన తేదీ, సొంత ఫోన్ నంబరు, ఇంటి వీధి, పిల్లల బడి పేరు బయోలో ఉండకూడదు. పుట్టిన తేదీని బ్యాంకులు, టెలికాం కంపెనీలు ఖాతాదారును గుర్తించడానికి అడుగుతాయి. దాన్ని కేకు బొమ్మతో సహా పేరు కింద రాసిపెట్టడం మోసగాడి పని తేలిక చేస్తుంది. వ్యాపారానికి నంబరు తప్పదనుకుంటే దానికి వేరే సిమ్ము ఉంటే మంచిది. బయో, ఫొటో రెండూ కాపీ చేసి నకిలీ ఖాతా తెరిచి బంధువుల్ని డబ్బు అడిగే మోసాలు తెలుగు జిల్లాల్లో రోజూ వింటున్నవే. కంప్యూటర్ సాయంతో ఇంకొకరిలా నటించి మోసం చేయడం ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

అమెరికా చదువులకు వెళ్లే పిల్లలకు మరో లెక్క ఉంది. 2019 నుంచి అక్కడి వీసా దరఖాస్తులో సోషల్ మీడియా యూజర్ నేమ్‌లు అడుగుతున్నారు. 2025 జూన్‌లో విద్యార్థి వీసా దరఖాస్తుదారులు తమ ప్రొఫైళ్లను అందరికీ కనిపించేలా ఉంచాలని అక్కడి విదేశాంగ శాఖ ప్రకటించింది. లింక్డిన్‌లో రాసిన కాలేజీ, ఉద్యోగం తేదీలు దరఖాస్తులో ఉన్నవాటితో కలవకపోతే ఇంటర్వ్యూలో ప్రశ్న రావచ్చు. హాస్యానికి ‘సీఈవో’ అని రాసుకున్నవి కూడా అందులోకి వస్తాయి.

మారుస్తుంటే

బయో మార్పు ఒక్కోసారి వార్తవుతుంది. 2019 నవంబరులో కాంగ్రెస్ నేత జ్యోతిరాదిత్య సింధియా ట్విట్టర్ బయోలో పార్టీ పదవుల ఊసు మాయమై, ప్రజాసేవకుడు, క్రికెట్ ప్రియుడు అన్నవే మిగిలాయని జనం గమనించారు. అప్పుడాయన అదంతా ఊహాగానమన్నారు. నాలుగు నెలల తర్వాత కాంగ్రెస్‌ను వదిలి బీజేపీలో చేరారు. 2021 జులై చివర నటి సమంత తన ఖాతాల్లో ఇంటిపేరు తీసేసిన రోజు నుంచి అక్టోబరు 2న భర్తతో విడిపోతున్నట్టు ప్రకటించేదాకా తెలుగు మీడియా ఆ ఒక్క మార్పు చుట్టూనే తిరిగింది. 2024 మార్చిలో బీజేపీ నేతలు పేర్ల పక్కన ‘మోదీ కా పరివార్’ చేర్చుకున్నారు; ఎన్నికలయ్యాక జూన్‌లో ప్రధాని సూచనతోనే తీసేశారు.

మామూలు మనుషుల బయో మారినా ఎవరూ గమనించరు; మార్చకపోతేనే గమనిస్తారు. వదిలేసిన ఉద్యోగం, అయిపోయిన ఎగ్జిబిషన్ తేదీ, మూతపడిన లింకు చూసినవాళ్లు ఖాతా నడవడం లేదనుకుంటారు. ఉద్యోగం, ఊరు, ఫోన్ నంబరు మారిన రోజునే బయో కూడా మార్చాలి. మార్చాక ఆ ఖాతాలోంచి బయటికొచ్చి, వేరే ఫోన్‌లో, వీలైతే చిన్న తెర ఉన్న ఫోన్‌లో తెరిచి చూడాలి. ‘మోర్’ నొక్కకుండా ఎంత కనిపిస్తోంది, లింకు తెరుచుకుంటోందా, తెలుగు ఒత్తులు విడిపోకుండా వస్తున్నాయా అన్నవి అక్కడే తెలుస్తాయి. ఆ తర్వాత ఖాతాదారు గురించి ఏమీ తెలియని ఒకరికి చూపించి, ఇది ఎవరి ఖాతా అని అడగాలి. జవాబుకు తడుముకుంటే మొదటి వాక్యం మళ్లీ రాయాలి.